కొండ అవతలి కొలుములు

రత్నగిరి రాజు చంద్రకేతుడు నోరు తెరిచి చూస్తున్నాడు. రాబోయే వందేళ్ల గ్రహణాలను చిటికెలో చెప్పేసే కంచు యంత్రం ఆయన ఎదుట ధగధగలాడుతోంది.

"ఈ భవనంలో పొగ లేదు, బూడిద లేదు ప్రభూ! ఒక్క పుల్ల కూడా కాలదు. ఉత్తరాన ఉన్న అడవిని ఇప్పిస్తే ఇలాంటివి ఇంకో పది కడతాను" అన్నాడు యంత్రాధిపతి మణిధరుడు.

అడవిని రాసిచ్చే పత్రం మీద ముద్ర వేయడానికి రాజు వేలి ఉంగరం తీశాడు. అప్పుడే బట్టల మూటతో వచ్చిన చాకలి ముత్తెమ్మ కూడా యంత్రాన్ని కళ్లప్పగించి చూసింది.

"నాదీ ఇలాంటి వింతే దొరా. మా ఇంట్లో చుక్క నీళ్లు వాడకుండా మీ బట్టలన్నీ ఉతికేస్తాను" అంది.

రాజు మూటలోంచి ఉత్తరీయం తీసి చూశాడు. మల్లెపువ్వులా ఉంది. "నీళ్లు లేకుండానా! ఎలాగే?"

"రేవుకెళ్లి ఉతుకుతాను దొరా."

చుట్టూ ఉన్న సభికులంతా గొల్లున నవ్వారు. మణిధరుడైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేవులో ఉన్నవి నీళ్లు కావా?"

"మా ఇంట్లోవి కావు కదయ్యా! తమరు గోడ దాకా చెప్పారు, నేను గుమ్మం దాకా చెప్పాను. ఈ యంత్రాన్ని తిప్పే ఆవిరి కొండ అవతల నుంచి గొట్టంలో వస్తోంది. అక్కడ ఆ ఆవిరి కోసం నీళ్లు మరిగించే కొలుముల మసి పడి, ఆరేసిన బట్టను మళ్లీ ఉతుక్కుంటున్నాం."

మణిధరుడి నవ్వు ఆగిపోయింది. రాజు ఉంగరాన్ని మళ్లీ వేలికి తొడుక్కుని కొండ ఎక్కాడు.

అవతల వందల కొలుములు భగభగ మండుతున్నాయి. కనుచూపు మేరా చెట్ల మోళ్లే. యంత్రం ముందు తెరిచిన నోరే రాజు మళ్లీ తెరిచాడు. ఈసారి అందులో మసి పడింది.