కింది గడి

కోటిలింగం మేష్టారికి సంతకమూ అంకెలూ తప్ప రాత రాదు. అయినా చీరాలలో ఆయన హార్మోనియం కొట్టుకి చదువుకున్నవాళ్ళే వచ్చి నిలబడేవారు. ఏ పాటైనా ముందు పలక మీద రెండు వరసల గడులు గీయించడం ఆయనకి అలవాటు. పై గడిలో స్వరం, కింది గడిలో అదెంతసేపు ఉండాలో. కొట్టులో పనిచేసే, పాలిటెక్నిక్ చదివిన తులసి ఆ గడుల్ని బేసిక్ అనే కంప్యూటర్ భాషలో, పాట మోగించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకి ఎక్కించేది. ఆ గడుల వరసని ఆమె కంప్యూటర్ మాటలో అర్రే అనేది. ఆయన గడులనే అనేవారు. పేరు దగ్గర ఇద్దరూ తగ్గలేదు.

ఒకరోజు క్లారినెట్ సుభానీ భార్య ఖైరున్‌బీ వచ్చింది. సుభానీ పోయి నలభై రోజులైంది. అప్పగింతలప్పుడు అతను వాయించే వరస ఇంట్లో వినపడేలా ఒక పెట్టెలో పెట్టివ్వమని అడిగింది. అది మొదట్నుంచి చివరిదాకా గుర్తున్నది ఇక కోటిలింగం మేష్టారొక్కరికే. సుభానీతో ఆయన మాట్లాడి మాత్రం పదకొండేళ్ళు. నాటకం రిహార్సల్లో పదిమందిలో, "లింగన్నా, నీ పెట్టెలో మధ్యమం శ్రుతి దిగింది" అన్నాడు సుభానీ. నిజంగానే దిగింది. ఇంటికెళ్ళి మధ్యమం సరిచేసుకున్నారు గానీ మాట సరిచేసుకోలేదు. తర్వాత సుభానీ రెండుసార్లు కొట్టు గడపదాకా వచ్చి దగ్గాడు. ఆయన ఆకురాయి మీంచి తల ఎత్తలేదు.

ఆ వేళ మేష్టారు కళ్ళు మూసుకుని స్వరాలు చెబుతుంటే తులసి గడులు నింపింది. నడుమ ఒకచోట సున్నా వెయ్యమన్నారు.

"మోగనిదానికి గడెందుకు మేష్టారూ, దండగ."

ఆయన వాదించలేదు, తీసెయ్యమన్నారు. వరస గబగబా మోగి అయిపోయింది. ఖైరున్‌బీ తల అడ్డంగా ఊపింది.

"స్వరాలు ఆయనవే అన్నా. కానీ అక్కడ ఆగేవారు. పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకునేదాకా ఊదేవారు కాదు."

తులసి సిగ్గుపడి పై గడిలో సున్నా వేసింది. ఆ కంగారులో కింది గడి ఖాళీగా వదిలేసింది. మేష్టారు చూశారు, చూసీ ఊరుకున్నారు. ఎంతసేపో చెప్పకపోతే ఆ బోర్డు ఉన్నచోటే నిలబడిపోయే రకం. వరస అక్కడిదాకా వచ్చి ఆగింది. ఇక కదల్లేదు. ఖైరున్‌బీ మిగతాది వస్తుందని చెవి ఒగ్గి కూర్చుంది. తులసి తీగలు కదిపింది, అతుకులు చూసింది, ఆఖరికి పాడైందేమోనంది.

"పాడవలేదమ్మా. ఎంతసేపో నువ్వు చెప్పలేదు, అది కాచుక్కూర్చుంది."

ఆయన పలక తన ఒళ్ళోకి లాక్కుని, ఎన్నాళ్ళకో ఖైరున్‌బీ వైపు తిరిగి, అతను ఏపాటి ఆగేవాడని అడిగారు. రెండు ఊపిర్లసేపు అందామె. కింది గడిలో తనే రెండు వేశారు. తులసి దాన్ని బోర్డుకి ఎక్కించింది. ఈసారి వరస ఆగి, మళ్ళీ అందుకుని, చివరిదాకా వెళ్ళింది. ఖైరున్‌బీ కళ్ళు తుడుచుకోవడానికి ఆ రెండు ఊపిర్లూ సరిగ్గా సరిపోయాయి.

ఆమె పెట్టె తీసుకుని వెళ్ళాక, ఎంత పొరపాటు చేశానని తులసి నొచ్చుకుంది. ఒకప్పుడు సుభానీ వచ్చి దగ్గిన గడప వైపే చూస్తూ మేష్టారు అన్నారు:

"కింది గడి ఖాళీగా వదిలింది నువ్వొక్కదానివే కాదులే."