మొగలిదిబ్బ కోన నీళ్ళలో కోడి

గంగమ్మ తల్లి చల్లని చూపు పడ్డ ఊరు మొగలిదిబ్బ. సముద్రం ఒక మడత తిరిగి కొండ ఒళ్ళోకి వచ్చిన చోటుని కోన అంటారు, ఆ కోన ఒడ్డున ఉంటుంది. ఆ ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఎల్లాజీ ఇల్లు చూపిస్తారు. ఎవరు చూపిస్తారంటే, ఎల్లాజీయే చూపిస్తాడు.

ఎల్లాజీ పెద్దవాడు. అతని తర్వాత దూలయ్య, సోములు. ఇంటి ఇల్లాలు ఎల్లాజీ భార్య కాసులమ్మ. వల నీళ్ళలో తడిసి బరువెక్కిపోతోందని, దాన్ని తడవకుండా వేసే ఉపాయం కోసం ఒక ఎండాకాలమంతా ఆలోచించిన బుర్ర ఎల్లాజీది. అన్న ఆలోచిస్తున్నంత కాలం తమ్ముళ్ళు వలని ఇసకలో పరిచి కాపలా కాశారు. ఆ ఎండాకాలం వల బొట్టు తడవలేదు. ఉపాయం పారిందనే ఆ ఇంట్లో ఇవాళ్టికీ లెక్క. చేపలు పడలేదు, అది వేరే సంగతి.

ఇంత తెలివున్న ఇంట్లోనూ ఒక బెంగ జొరబడింది. పెద్ద మరబోట్లు కోనలోకి వచ్చి పిల్లచేప కూడా మిగలకుండా ఊడ్చుకుపోతున్నాయి. తెప్పలవాళ్ళ వలలు ఖాళీగా ఒడ్డుకొస్తున్నాయి. సగం ఊరు గుజరాత్ బోట్ల మీద కూలి వేటకి వెళ్ళిపోయింది. నీ తమ్ముళ్ళని కూడా నాతో పంపు అంటూ, కూలీలని కుదిర్చే సరంగు పెంటయ్య రోజూ గుమ్మం దగ్గర చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. తల్లి పోతూ పోతూ ఆ ఇద్దర్నీ ఎల్లాజీ చేతిలో పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోతారన్న మాట వింటే చాలు, ఎల్లాజీ తింటున్న కంచం వదిలి లేచిపోయేవాడు.

అలాంటి రోజుల్లో, సముద్రం గురించి పెద్ద చదువు చదివిన హైమావతి మేడం ఊరికొచ్చారు. ఊళ్ళో తక్కినవాళ్ళంతా వేటలో ఉన్నారు. ఒడ్డున ఖాళీగా దొరికింది మనవాళ్ళే. ఆవిడ వాళ్ళని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. చేప ఈదిన చోట దాని జిగురూ పొలుసు పొట్టూ నీళ్ళలో కలుస్తాయి, అందులో దాని డీఎన్ఏ ఉంటుంది, వల వెయ్యకుండానే ఒక్క సీసా నీళ్ళు చాలు, ఏ చేప ఉందో లాబులో తెలిసిపోతుంది అన్నారు. కోనలో మంచి చేప పిల్లలు పెడుతోందని తేలితే పెద్ద బోట్లని లోపలికి రానివ్వరు. అప్పుడు ఎవరూ ఊరు వదలక్కర్లేదు.

ఆ ఆఖరి మాటకి ఎల్లాజీ కళ్ళు చెమర్చాయి. "ఒక్క సీసాలో కోనంతా ఉంటాదా అమ్మగారూ?" అని అడిగాడు.

"ఉంటుంది ఎల్లాజీ గారూ. అందుకే జాగ్రత్త. మీ చెయ్యి నీళ్ళకి తగలకూడదు. సీసా చల్లగా ఉండాలి. ఒక్క బొట్టు కూడా వృథా కాకూడదు," అని సీసా ఇచ్చి, పక్క ఊళ్ళకి కూడా సీసాలు ఇవ్వాలని ఆవిడ కారెక్కారు.

ఇంకేముంది, ముగ్గురూ తెప్ప తోశారు.

కోన నడిమధ్యకి వెళ్ళాక సోములికి అనుమానమొచ్చింది. గంగమ్మ తల్లికి ఏమీ పెట్టకుండా తల్లి దగ్గర తీసుకోవచ్చా అని. మాట సబబే. వేటకి ముందు గంగమ్మకి మొక్కడం వాళ్ళ తాతల నాటి ఆచారం, దాన్ని నేను తప్పుపట్టను. వెంట తెచ్చిన పసుపూ కుంకుమా చల్లారు, కొబ్బరికాయ కొట్టారు, కోడిని కోసి నెత్తురు వదిలారు. చేతులెత్తి మొక్కారు. నీళ్ళు ముంచుకోడానికి నాలుగు బారలు అవతలికి వెళ్ళి ఉంటే తల్లి ఏమీ అనుకునేది కాదు. కాని ప్రసాదం పడిన చోటు వదిలి పక్కకి వెళ్ళడం అపచారం అన్నాడు ఎల్లాజీ. అంతే, అక్కడే ముంచారు.

ముంచడం ఎలాగంటే, చెయ్యి తగలకూడదు కదా. అన్నా తమ్ముడూ దూలయ్యని చెరో రెక్కా పట్టుకుని నడుం దాకా సముద్రంలోకి దించారు. దూలయ్య సీసాని రెండు పాదాల మధ్యా ఇరికించి, పసుపు తేలుతున్న చోట నింపాడు. ఒక్క వేలు తగల్లేదని ముగ్గురూ పొంగిపోయారు.

తిరిగొస్తూ సోములు సీసాని ఎండకెదురుగా పెట్టి చూశాడు. ఒక్క చేపా కనపడలేదు. కనపడవు, ఉంటాయి అంతే, అని ఎల్లాజీ చెప్పాడు. ఉన్నాయన్నాక వాటి మంచిచెడ్డలు చూడాలి కదా. ఊపిరాడదని మూత తీశారు. ఆకలేస్తుందని తమ చద్దిలోంచి నాలుగు మెతుకులు వేశారు. అప్పుడు దూలయ్య ఉలిక్కిపడ్డాడు.

"అన్నా, అన్ని చేపలూ ఉన్నాయంటే సొర కూడా ఉన్నట్టే కదా? అది చిన్నవాటిని తినేస్తే మేడమ్మగారికి ఏటి చూపిస్తాం?"

ఎల్లాజీ ఆలోచించాడు. పెద్దవాటినీ చిన్నవాటినీ విడదియ్యాలి. విడదియ్యడానికి వల ఉండనే ఉంది. ఇంకేముంది, వలని తెప్ప మీద పరిచి సీసా బోర్లించారు. నీళ్ళన్నీ వల కన్నాల్లోంచి దిగిపోయి, అడుగున ఎప్పుడో ఎండు నెత్తళ్ళనే చిన్నచేపలు పోసిన గోనె మీద పడ్డాయి. వల మీద ఏమీ మిగల్లేదు. అన్నీ చిన్నవే, సొర లేదు అని ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. ఒక్క బొట్టు కూడా వృథా కాకూడదు గనక గోనెని సీసాలోకి గట్టిగా పిండారు.

ఇంటికొచ్చి సీసాని కాసులమ్మకి అప్పగించి, చల్లగా చూసుకోమన్నారు. ఆవిడ తాటాకు విసనకర్ర తీసుకుని సీసాకి విసరడం మొదలుపెట్టింది. విసురుతూ అందులో ఏముందని అడిగింది. కోనలో ఉన్న చేపలన్నీ ఉన్నాయన్నాడు మొగుడు.

ఆ ఇంట్లో చేపల పులుసు ఉడికి ఎంత కాలమైందో. ఆవిడ కాసేపు విసిరింది, కాసేపు సీసాని చూసింది. "మావా, అన్నీ ఉన్నప్పుడు సగం మనం తిన్నా సగం ఉంటాయి కదా?" అంది. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఎల్లాజీకి దొరకలేదు.

అంతే. సగం నీళ్ళు గిన్నెలోకి వంపింది, చింతపండు పిసికింది, కారం వేసింది. ఉప్పు మాత్రం ముందే సరిపోయిందంది. ముగ్గురూ కూర్చుని కలుపుకుని తిన్నారు. ఎల్లాజీ ఒక ముద్దకి చందువ అన్నాడు, ఇంకో ముద్దకి వంజరం అన్నాడు. దూలయ్యకి గొంతులో ముల్లు గుచ్చుకుంది. ఉత్త అన్నం ముద్ద మింగితే గాని దిగలేదు. తిన్నాక చూస్తే సీసా సగమే ఉంది. అమ్మగారి సొత్తు మనకెందుకని పులుసు గిన్నె కడిగి, ఆ కడుగు నీళ్ళతో సీసా నింపేశారు. కాసులమ్మ దానికి తడిగుడ్డ చుట్టింది. మేడం పంపిన డ్రైవరు వచ్చి, గుడ్డ విప్పకుండానే ఐసుపెట్టెలో పెట్టుకుపోయాడు.

కొన్నాళ్ళకి హైమావతి మేడం వచ్చారు. మొహంలో కళ లేదు. మీ కోన నీళ్ళలో కోడి ఉంది, కొబ్బరి ఉంది, పసుపూ చింతపండూ వరీ ఉన్నాయి, మనిషి ఉన్నాడు, ఎండు నెత్తళ్ళు ఉన్నాయి, బతికున్న చేప జాడ మాత్రం తేలలేదు అన్నారు. ఇదే కాగితం పై ఆఫీసుకి వెళ్తే పెద్ద బోట్లకి అడ్డే ఉండదు.

సరంగు పెంటయ్య ఆ మాట విని, తమ్ముళ్ళ బట్టలు సర్దమని కాసులమ్మకి చెప్పాడు. ఎల్లాజీ ఇసకలో కూలబడి జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. మేడం తల పట్టుకున్నారు. తర్వాత, ఇసకలో అడుగులు చూసి మనిషి వెళ్ళాడంటామే గాని అడుగులోనే మనిషి ఉన్నాడనం కదా, నీళ్ళలో చేప జాడ కూడా అంతేనని మెల్లగా చెప్పారు. ఆఫీసు ఇచ్చిన గడువు దాటలేదు గనక, ఈసారి చేతి తొడుగులు వేసుకుని స్వయంగా తెప్పెక్కారు. మనవాళ్ళని ఒడ్డునే ఉండమన్నారు. వాళ్ళు అక్కణ్ణించే, చేతులు కట్టుకుని, గంగమ్మకి మొక్కారు.

తల్లి దయ ఉంది. ఈసారి నీళ్ళలో చందువ తేలింది, వంజరం తేలింది, ఎప్పుడో మాయమైందనుకున్న కచిడి చేప కూడా తేలింది. ఆఫీసువాళ్ళు వచ్చి ఒడ్డున బోర్డు పాతి, ఊరందరి ముందూ చదివి వినిపించారు. కోనలోకి మరబోట్లు రాకూడదు. కోన బయట తెప్పలు వేటాడుకోవచ్చు. కోన నీళ్ళలో ఉన్నాయని పరీక్షలో తేలిన జీవాల్ని ఎవరూ బయటికి పట్టుకుపోకూడదు.

ఊరంతా సంబరపడింది. పెంటయ్య మాత్రం పట్టు వదల్లేదు. చేప ఎదిగేదాకా ఏం తింటారు, అందాకా తమ్ముళ్ళని పంపు, రేపు పొద్దున్నే బస్సు వేళకి వస్తానన్నాడు.

పొద్దున్నే వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ లేరు. అన్నదమ్ములు ముగ్గురూ కోనలో మెడ లోతున బారుగా నిలబడి ఉన్నారు. సోములు నెత్తిన ఇంటి పెట్ట కూర్చునుంది.

"ఏటిది ఎల్లాజీ? బయటికి రండి, బస్సు ఎల్లిపోతాది," అన్నాడు పెంటయ్య.

"రాకూడదు పెంటయ్యా. కోన నీళ్ళలో మనిషి ఉన్నాడని పరీక్షలో తేలింది. మేమే ఆ మనుషులం. మమ్మల్ని బయటికి పట్టుకెళ్తే నేరం. కోడి కూడా తేలింది, అందుకే తెచ్చాం," అన్నాడు ఎల్లాజీ. ఆ గొంతులో ఇంత ధైర్యం పెంటయ్య ఎప్పుడూ వినలేదు. బోర్డు వైపు చూశాడు, వాళ్ళ వైపు చూశాడు. ఇలాంటివాళ్ళని బోటెక్కించుకుంటే బోటు ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టుంది. వెనక్కి తిరిగి బస్సెక్కాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

గండం గడిచింది, ఇక రండి, అన్నం వండానని కాసులమ్మ ఒడ్డు మీంచి పిలిచింది. చట్టం పెంటయ్యకొకటీ మనకొకటీనా అని ఎల్లాజీ మందలించాడు.

"మరి అన్నం చల్లారిపోతాది కదా మావా?"

"అన్నం కూడా తేలింది కదే. దాన్ని ఒడ్డునెందుకు ఉంచావు? గిన్నెతో సహా పట్టుకురా."

ఇంకేముంది, ఆవిడ గిన్నె నెత్తిన పెట్టుకుని మెడ లోతుకి వచ్చి ముగ్గురి దోసిళ్ళలోనూ వడ్డించింది. ఒక అల వచ్చి మెతుకు మిగల్చకుండా పట్టుకుపోయింది. దాని చోటికి అది చేరిందని ఎల్లాజీ తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. ఆ అలకి తడిసిన పెట్ట మాత్రం సోములు నెత్తి మీంచి పక్కనే కట్టిన తెప్ప మీదికీ, తెప్ప మీంచి ఒడ్డుకీ ఎగిరి, బోర్డు కిందనుంచే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

దానికి తెలివి లేదని నలుగురూ జాలిపడ్డారు.