మబ్బు మీది రౌతు

మంచు ఆలస్యంగా విడిచే కొండల నడుమ, ఒకానొక రాజ్యాన్ని మార్తాండ భూపతి ఏలేవాడు. తన ఆజ్ఞ లేనిదే ఆకు కూడా కదలదని ఆయన నమ్మకం.

ఆయన సైన్యంలో సింగమ నాయకుడనే రౌతు ఉండేవాడు. అతని గుర్రం పేరు మబ్బు. నాయకుడు దాని మీద కునుకు తీస్తూనే కనుమలు దాటేవాడు. అతను ఎటు ఒరిగితే అది అటే ఒరిగి, పడకుండా కాసేది. ఒక యుద్ధంలో అతను జీను మీదే ప్రాణం విడిచాడు. మబ్బు ఆ దేహాన్ని జారనివ్వకుండా, మెల్లగా నడిచి కోటకు మోసుకొచ్చింది.

ఆ తర్వాత అది ఎవరినీ ఎక్కనివ్వలేదు. రాజు పంతం పట్టి, కొలువంతా చూస్తుండగా ఎక్కబోయి బురదలో పడ్డాడు.

"ఇది రాజద్రోహం. రేపు దీని తల తీయించండి," అన్నాడు.

కొలువులో మాటకారి అయిన కొమ్మన లేచాడు. "ప్రభూ, ఈ సాయంత్రం ఒక్కసారి గుర్రాల శాలకు దయచేయండి. జీను వేయించి ఉంచుతాను."

పొద్దు వాలేసరికి మంచు దిగింది. రాజు వచ్చి చూస్తే, శాల ముందు మబ్బు ఒంటరిగా నిలబడి ఉంది. గాలి లేదు. ఉన్నట్టుండి, ఎవరో కాలు మోపినట్టు రికాబు కిందికి సాగింది. జీను తోలు కిర్రుమంది. బరువు మోస్తున్నట్టు మబ్బు కాళ్లు సర్దుకుని, మెల్లగా నడక మొదలుపెట్టింది.

కొమ్మన వంగి దండం పెట్టాడు.

"ఎవరికి?" అన్నాడు రాజు.

"సింగమ నాయకుడికి, ప్రభూ. మబ్బు తమరిని ధిక్కరించలేదు. ఏలినవారు తెలియక ఒక భటుడి ఒళ్లో కూర్చోబోతుంటే, పరువు దక్కించింది."

రాజు పెద్దగా నవ్వాడు. శిక్ష రద్దు చేసి, తన వేలి ఉంగరం తీసి కొమ్మనకు తొడిగాడు.

తిరిగి వెళుతూ మెల్లగా అడిగాడు. "నిజం చెప్పవయ్యా. రికాబుకు దారం కట్టి లాగించావు కదూ?"

కొమ్మన నడుము దట్టీలోంచి నల్లదారపు ఉండ తీసి చూపించాడు. అది ఇంకా విప్పనే లేదు.

"కడదామనే తెచ్చాను ప్రభూ. ఆ అవసరం రాలేదు."

రాజు వెనక్కి తిరిగాడు. మంచులో డెక్కల చప్పుడు దూరమవుతోంది. ఆయన తల వంచి, రెండు చేతులూ జోడించాడు.