ఆరో గదిలోని పగులు

సామర్లకోటలో నాటకాల సామాను అమ్మే గవర్రాజుకు చేతిలో మంచి పనితనం ఉండేది కానీ, వస్తువులోని లోపాన్ని నోటితో చెప్పే అలవాటు మాత్రం ఉండేది కాదు. విరిగిన కిరీటానికి రేకు అతికి పైన పూసలు కుట్టేవాడు. చిరుగు పడ్డ అంగవస్త్రాన్ని, చిరుగు లోపలికి పోయేలా మడత పెట్టేవాడు. అలాగని అబద్ధం ఆడేవాడు కాదు. ఆ విషయంలో ఆయనకు బోలెడంత గర్వం. ఎవరైనా "ఇందులో లోపం ఏమైనా ఉందా?" అని అడిగితే, "మీ కళ్ళెదురుగానే ఉంది కదండీ, చూసుకోండి" అనేవాడు. కనిపెట్టినవాడు బేరం తగ్గించేవాడు, కనిపెట్టలేనివాడు మోసపోయేవాడు. ఎవరి తెలివి వారిది, తన పూచీ ఏమీ లేదనుకుని గవర్రాజు హాయిగా నిద్రపోయేవాడు.

ఒకసారి ఆయన దగ్గరికి ఒక రివాల్వర్ వచ్చింది. అది పాతకాలపు దొరలు వాడినదానికి నకలు. మద్రాసులో సినిమాల కోసం చేసినది, బాగా వాడినది. గుండు బయటికి పోకుండా గొట్టంలో ఇనుప ముక్క బిగించి ఉంది. మంట, పొగ, చప్పుడు మాత్రమే వచ్చేవి. తిరిగే చక్రంలో ఆరు గదులు. ఒక్కో గదిలో తుపాకిమందు పోసి, పైన మైనం అద్ది, వెనక దెబ్బ తగిలితే నిప్పురవ్వ చిమ్మే చిన్న రాగి టోపీ తొడిగితే పేలడానికి సిద్ధం. దానితోపాటు ఇత్తడి మందు సీసా, టోపీల డబ్బీ, మైనం బరిణె, తోలు ఒర, గొట్టం తుడిచే కడ్డీ అన్నీ ఒకే చెక్కపెట్టెలో అందంగా అమర్చి ఉన్నాయి. ఆ పెట్టె మూత తెరిస్తే ఎవరికైనా కొనాలనిపించేది.

గవర్రాజు పెరట్లో దాన్ని పేల్చి చూశాడు. ఒక గది పేలినప్పుడు మంట ముందుకు పోయే బదులు వెనక్కి చిమ్మి ఆయన కనుబొమ్మను కాల్చింది. చూస్తే ఆ గది వెనక వైపు సన్నని పగులు ఉంది. గవర్రాజు దానికి సీసం కరిగించి మాటు వేసి, అరగదీసి, నల్లరంగు పూశాడు. భూతద్దం పెట్టి వెతికినా పగులు కనపడలేదు. మాటు చూపుకే గానీ మంటకు ఆగదని ఆయనకు తెలుసు.

దాన్ని కొనడానికి తుని నుంచి హైమవతి వచ్చింది. ఆమెది చిన్న నాటక సమాజం. దొరల మీద తిరగబడ్డ ఒక జమీందారు కూతురి కథను కొత్తగా నాటకం కడుతోంది, ఆ వేషం తానే వేస్తోంది. పద్యం అందుకుంటే ఆఖరి వరుసలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడని ఆమెకు పేరు. పెట్టె తెరవగానే హైమవతి ముఖం వెలిగిపోయింది. అయినా జాగ్రత్త గల మనిషి కనుక అడగవలసింది అడిగింది.

"గవర్రాజు గారూ, నాకు తుపాకుల సంగతి తెలీదండి. ఇందులో లోపం ఏదైనా ఉంటే మీరే చెప్పాలి."

"అంతా మీ ముందే ఉందమ్మా. నిదానంగా చూసుకోండి" అన్నాడు గవర్రాజు.

ఆమె చూసుకుంది. తుపాకుల సంగతి తెలియదని చెప్పిన మనిషి ఏం చూసుకుంటుంది? నున్నగా మెరుస్తున్న ఇనుము చూసింది, అంతే.

ఆ ప్రాంతపు నాటకాల వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. మందుతో పేలే ఆయుధాన్ని అమ్మినవాడే మొదటిసారి పేల్చి చూపాలి. గవర్రాజు పెరట్లోకి తీసుకెళ్ళి అయిదు గదులు నింపాడు. పగులున్న గదిని ఖాళీగా వదిలేశాడు. అయిదూ ఢాం ఢాం అంటూ పేలాయి.

"ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశారండి?" అంది హైమవతి.

"పాతవాళ్ళ పద్ధతమ్మా. నడుముకు కట్టుకున్నప్పుడు చేయి తగిలి పేలకుండా ఒక గది ఖాళీగా ఉంచేవారు."

ఆ మాట నిజమే. అందులో అబద్ధం ముక్క లేదు. చెప్పవలసిన ముక్క కూడా లేదు.

హైమవతి పెట్టె తీసుకుని వెళ్ళిపోయాక గవర్రాజు భార్య నూకరత్నం వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఆ పగులు సంగతి ఆవిడకి చెప్పారా?"

"చూసుకోమన్నానుగా!"

"మీ కనుబొమ్మ కాలిందని కూడా చూసుకుంటుందేంటండీ ఆవిడ?"

కాలిన కనుబొమ్మ అప్పటికి మళ్ళీ మొలిచింది. అయినా గవర్రాజు అక్కడ చేత్తో తడుముకున్నాడు.

నాటకం మొదటి ప్రదర్శనకు హైమవతి ఆయన్ని ప్రత్యేకంగా పిలిపించింది. సాయంత్రం హాలు నిండిపోయింది. ఆయన మెడలో పూలదండ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక కిందే హార్మోనియం ముందు సమాజం వాయిద్యగాడు పైడయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగి సంబరంగా అన్నాడు:

"ఆఖరి సీను చూడాలండి మీరు! ఆరు పేలుళ్ళు పేలుస్తాది మా హైమమ్మ. ఆరోదానికి దొర కూలిపోతాడు."

"ఆరా? అయిదు కదా పేల్చవలసింది?"

"నడుముకి కట్టుకుంటేనేగా ఆ భయం! మేం బల్ల మీంచి అందుకుంటాం. అందుకని, మందు దండగని రిహార్సల్లో పేల్చకపోయినా, ఇవాళ ఆరూ నింపేశాం."

ఆరూ నింపితే ఏమవుతుందో గవర్రాజుకు తెలుసు. ఎన్నోదో తెలియదు గానీ, ఆ ఆరింట్లో ఒకటి ఆమె ముఖం మీదికే పేలుతుంది. ఇక అది తప్పదు.

విరామంలో తెర వెనక్కి పరుగెత్తాడు. అక్కడ హైమవతి చుట్టూ ఊరి పెద్దలు మూగి ఉన్నారు. ఈయన్ని చూడగానే ఆమె వంగి కాళ్ళకు దండం పెట్టింది. "ఇంత మంచి సరుకు ఇచ్చిన మనిషి వీరేనండీ" అని అందరికీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పాలని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఇంతమందిలో ఇప్పుడెలా చెప్పేది? మాటు ఆగుతుందేమో! ఆగదని తెలిసి కూడా అలా అనుకుంటూ గవర్రాజు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

ఆఖరి సీను వచ్చింది. హైమవతి రివాల్వర్ ఎత్తి, కన్ను దగ్గర పెట్టి గురి చూసింది. మొదటిది పేలింది. జనం ఈలలు వేశారు. రెండోది పేలింది. మూడోది పేలింది. ఒక్కో పేలుడుకూ గవర్రాజు కుర్చీ అంచుకు జరుగుతున్నాడు. నాలుగోది పేలాక ఇక కూర్చోలేకపోయాడు. దండ తెంపి పారేసి, లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాడు.

"ఆపమ్మా! పేల్చకు! అది పగిలింది!"

హైమవతి ఉలిక్కిపడి అటు తల తిప్పింది. వేలు అప్పటికే నొక్కేసింది. మంట వెనక్కి చిమ్మింది. తల తిప్పింది కనుక కన్ను దక్కింది. చెంప, కుడి చెవి కాలిపోయాయి. ఆమె వేదిక మీదే కూలబడింది. జనం అది కూడా నాటకమే అనుకుని కాసేపు చప్పట్లు కొట్టారు.

ఆసుపత్రిలో గవర్రాజు ఆమె మంచం పక్కన నిలబడి పగులు సంగతి, మాటు సంగతి అన్నీ చెప్పేశాడు. డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఒక గది పగిలిందని ఆ రోజే చెబితే నేను కొనడం మానేదాన్ని కాదండి" అంది హైమవతి. "ఆ పెట్టె నాకు అంత నచ్చింది. అయిదే నింపుకునేదాన్ని. నాటకంలో దొర అయిదోదానికే పడిపోయేవాడు."

గవర్రాజును ఎవరు తిట్టినా అంత బాధ కలిగేది కాదు. దాచడం వల్ల తనకు వచ్చిన లాభం ఏమీ లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. చెప్పినా ఆ సరుకు అమ్ముడుపోయేదే.

గాయం మానింది కానీ హైమవతి కుడి చెవికి మళ్ళీ వినికిడి రాలేదు. శ్రుతి అందక తొలి రోజుల్లో పద్యం మధ్యలో తడబడి ఆగిపోయేది. అందుకని పైడయ్య తన హార్మోనియాన్ని ఆమెకు ఎడమ పక్కకు మార్చుకున్నాడు. గవర్రాజు ఆమె ప్రతి నాటకానికీ వెళ్ళేవాడు కానీ ఎప్పుడూ ముందు వరుసలో కూర్చోలేదు. అప్పటినుంచి ఆయన కొట్టుకు ఎవరు వచ్చినా, వాళ్ళు అడగకముందే వస్తువులోని లోపం చూపించి, ఆ తర్వాతే ధర చెప్పేవాడు. కొందరు కొనకుండా వెళ్ళిపోయేవారు. ఆయన పోనిచ్చేవాడు.

ఎదుటివాడికి హాని చేసే సంగతి తెలిసి కూడా చెప్పకుండా ఊరుకోవడం అబద్ధమాడటంతో సమానం. చెప్పవలసిన మాటను చెప్పవలసిన వేళకే చెప్పాలి, ఆలస్యంగా చెప్పిన నిజం జరిగిన నష్టాన్ని పూర్తిగా తీర్చలేదు.