కొలిమి కిటికీ మూత

పరంజ్యోతమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకునేవారు. కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి ఎక్కాక కూడా జవాబు రాలేదంటే, అడిగినవాడికి ఆ పూట పని పడిందన్నమాటే. విశ్వవిద్యాలయంలో గాజు పరికరాలు చేసి, చేయడం నేర్పి రిటైరైన మనిషి ఆవిడ. గూడూరు అవతల తెల్ల ఇసుక దిబ్బల మధ్య యజమాని తాళం వేసి పోయిన గాజుగొట్టాల షెడ్డును, పనివాళ్లు సంఘం కట్టి తెరుచుకున్నప్పుడు, పిలవగానే వచ్చారు. పాడుబడ్డ కొలిమిని దగ్గరుండి మళ్లీ కట్టించి, దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

సంఘం కార్యదర్శి కిరీటి ఆవిడకు ముఖ్య శిష్యుడు. చిన్న వయసు, పెద్ద చదువు, అంతకన్నా పెద్ద కోపం. ‘దున్నేవాడిదే భూమి, లాగేవాడిదే గాజు’ అని షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాసింది అతనే. రాసి ఊరుకోలేదు, నమ్మాడు. కొలిమి భారం తన నెత్తినే వేసుకున్నాడు.

ఆ కొలిమి నిలువుగా ఉంటుంది. లావుపాటి గాజుగొట్టాన్ని పైనుంచి వేలాడదీస్తే, నాలుగు వైపులా ఉన్న బర్నర్ల వేడికి మెత్తబడి కిందికి జారుతుంది. జారే గాజును అడుగున ఒకరు చక్రం తిప్పుతూ సన్నగా లాగుతారు. మనిషెత్తు రాగానే కోసి, కోసిన వరుసలోనే బల్ల మీద పేర్చాలి. వరుస తప్పితే పరంజ్యోతమ్మ గారు ఊరుకోరు. తిన్నని గొట్టం బల్ల మీద చప్పుడు లేకుండా దొర్లిపోతుంది. వంకరది టకటకలాడుతుంది. టకటకలాడేదాన్ని ఏ పరీక్షశాలా కొనదు.

కొన్ని వారాలుగా ఆ బల్ల టకటకలాడుతూనే ఉంది. గాజుకు అన్ని వైపులా ఒకే వేడి తగలకపోతే గొట్టం వంగుతుందని కిరీటికి తెలుసు. అందుకే నాలుగు బర్నర్లకూ గ్యాసు ఒకే గీత దగ్గర పెట్టాడు. పగిలిన ఇటుకలు పీకి కొత్తవి పెట్టించాడు. లోపల మంట ఎలా ఉందో చూడటానికి కొలిమికి చిన్న కిటికీ, దానికి బరువైన ఇనుపమూత ఉన్నాయి. కిరీటి నల్ల అద్దాలు పెట్టుకుని, ఇనుప కొక్కెంతో ఆ మూత ఎత్తి పట్టుకుని గాజు లాగినంతసేపూ అక్కడే నిలబడేవాడు. “మన సంఘంలో దాపరికం లేదు. కొలిమికి మాత్రం మూత దేనికి?” అనేవాడు.

అయినా గొట్టాలు వంకరగానే వచ్చాయి. నాలుగు మంటలూ సమానమైనప్పుడు తేడా ఎక్కడుంది? చక్రం తిప్పే చేతిలో. ఆ చెయ్యి మస్తానుది. యజమాని కాలం నుంచీ చక్రం దగ్గరే ముసలివాడవుతున్న మనిషి. కిరీటి ఒక కన్ను కిటికీ మీద, ఒక కన్ను మస్తాను మణికట్టు మీద వేసి చూశాడు. వణుకుతోంది. ఇంకేం కావాలి? యజమాని వంకర గాజుకు జీతం కోసేవాడు. సంఘం ఏకంగా మనిషినే కోసి పారెయ్యడానికి సిద్ధమైంది. సాయంత్రం సభ. మస్తానును తీసెయ్యాలని కార్యదర్శే ప్రతిపాదిస్తాడు.

ఆ ఉదయం కిరీటి గురువుగారి ముందు నిలబడ్డాడు.

“అమ్మా, చెయ్యి తిన్నగా లేని మనిషిని జాలిపడి ఉంచుకుంటే, మిగతావాళ్లందరికీ ద్రోహం చేసినట్టు కాదా?”

పరంజ్యోతమ్మ గారు కళ్లజోడు తీశారు, తుడుచుకున్నారు, పెట్టుకున్నారు.

“మస్తానును ఈ పూట బయట కూర్చోమను. చక్రం నేను తిప్పుతా. కొలిమి ఎప్పటిలా నువ్వే చూసుకో.”

“మీరు తిప్పితే ఇంకేముంది, తిన్నగానే వస్తుంది. సాయంత్రం అందరికీ అవే చూపిస్తాను.”

“చూపిద్దువులే.”

ఆవిడ చక్రం తిప్పుతుంటే నీళ్లు జారినంత నిదానంగా గాజు జారింది. కిరీటి మూత ఎత్తి పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆవిడ కోసి పేర్చిన మొదటి గొట్టాలను రెండో చేత్తో దొర్లించాడు. టకటకమన్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే మూడో బర్నరే. ద్రోహి కొలిమిలోనే ఉన్నాడు.”

“అందులో కూడా దూరాడా?” అన్నారు ఆవిడ, చక్రం ఆపకుండానే.

కిరీటి పళ్లు బిగించి మూత ఇంకాస్త పైకెత్తాడు. కిటికీలోంచి సెగ మొహానికి కొట్టింది. కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. అయినా కదల్లేదు. అప్పుడే గుమ్మంలో మస్తాను కనిపించాడు.

“నా అన్నం గిన్నె లోపలుండాది.”

కిరీటి చేతిలో కొక్కెం జారింది. మూత ధడేలుమని పడింది. అతను గుమ్మం దాకా వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

“సాయంత్రం దాకా ఆగలేవా?”

“ఆకలి ఆగదు గదా అబ్బయా. అయినా నన్ను తీసేసేదానికి సభెందుకు? నీ చూపు చాలదా?”

“నీ చెయ్యి వణకడం నా కళ్లతో చూశాను.”

“నువ్వు చూసినప్పుడు వణికినాది, కాదన్లేదు. ఆ యజమాని జీతం కోసేవాడేగానీ చెయ్యి నాకే వొదిలేసినాడు. నువ్వొచ్చి దాని మీదే కన్నేసి నిలబడినాక, అది నా మాట వినడం మానేసినాది.”

“క్రమశిక్షణ కార్మికుడి ఆయుధం, మస్తానూ.”

“ఆయుధం సరే. ముందు గిన్నె ఇయ్యి.”

మాటకు మాట పెరిగింది. వెనక చక్రం తిరుగుతూనే ఉంది; గొట్టాలు తెగి బల్ల మీద వరుసగా చేరుతూనే ఉన్నాయి. చివరికి కిరీటి గిన్నె తెచ్చి చేతికిచ్చి, విసవిసా వచ్చి మళ్లీ మూత ఎత్తాడు. కాసేపటికి లోపలి గాజు అయిపోయింది.

“దొర్లించు,” అన్నారు పరంజ్యోతమ్మ గారు.

మొదటివి టకటకలాడాయి. ఆ తర్వాతది చప్పుడు చెయ్యలేదు. దాని పక్కదీ చెయ్యలేదు. ఇంకొకటి, ఇంకొకటి, నూనె రాసినట్టు దొర్లిపోయాయి. వరుస చివరికి వచ్చేసరికి మళ్లీ టకటక. కిరీటి మొదటినుంచి దొర్లించాడు. అదే వరుస. తిన్నగా వచ్చినవన్నీ తను గుమ్మంలో మస్తానుతో పోట్లాడుతున్నప్పుడు దిగినవి.

అతను కొలిమి దగ్గరకు వెళ్లి కొక్కెంతో మూత ఎత్తాడు. సెగ చెంపకు తగిలింది. మూత వదిలాడు. సెగ ఆగింది. ఇన్ని వారాలుగా ఆ సెగను తన కష్టానికి గుర్తని మురిసిపోయాడు. అది గాజుకు అందాల్సిన వేడి. ఒక వైపు నుంచి దాన్ని రోజూ తనే తోడేశాడు.

కిరీటి మూత పూర్తిగా మూసుకుందో లేదో చూశాడు. తర్వాత కొత్త గొట్టం ఎక్కించి, మంట వెలిగించి, గుమ్మం వైపు చూసి పిలిచాడు.

“మస్తానన్నా, చక్రం దగ్గరకు రా.”

మస్తాను చెయ్యి కడుక్కుని వచ్చాడు. గాజు మెత్తబడే వేళకు కిరీటి మూత ఎత్తి, ఒక్క చూపు చూసి దించేశాడు. కొక్కెం మేకుకు తగిలించి, బల్ల దగ్గరకు పోయి చక్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. మెడ అటు తిరగబోతే బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ఏంది అబ్బయా, అలిగినావా, అటు తిరిగి నిలబడినావు?” అన్నాడు మస్తాను వెనకనుంచి.

“కోసినవి ఇటు అందించన్నా.”

ఒక్కొక్కటే దొర్లించాడు. బల్ల నోరెత్తలేదు.

సభకు జనం రావడం మొదలైంది. కిరీటి గొట్టాలు అక్కడే వదిలి గురువుగారి స్టూలు దగ్గరకు వచ్చాడు. కళ్లలో తడి ఉంది. గొంతులో మాత్రం పాత పట్టుదలే.

“అమ్మా, మస్తానన్న మాట ఈ సభలో ఎత్తను. తప్పు నాదని అందరి ముందూ చెబుతాను. ఆ కిటికీని ఇటుకలతో పూడ్చెయ్యాలని ప్రతిపాదిస్తాను. ఇవాళే.”

పరంజ్యోతమ్మ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి అది ముక్కు మీదికి ఎక్కకముందే జవాబు వచ్చింది.

“చూడ్డానికే పెట్టించాను నాయనా, ఆ కిటికీ. మూత కూడా నేనే పెట్టించాను.”