గవరయ్య కాపలా

కచేరీ గుమ్మానికి ఇరవై ఏళ్లు కాపలా కాసిన బంటు గవరయ్యకు మోకాళ్లు పట్టేశాయి. రాజుగారు జాలిపడి, కొలువు నుంచి విడుదల చేసి చేను ఇమ్మన్నారు. విడుదల పత్రం రాసిన రాయసం భావనారాయణ గవరయ్యను కాస్తా గురవయ్యను చేశాడు. పేరు కలవలేదని చేను ఇవ్వలేదు. చూడండి వింత, తాటాకు మీద గీత మారితే మనిషే మారిపోతాడా?

"కాస్త దిద్దండి బాబూ," అని రాయసాన్ని బతిమాలాడు గవరయ్య.

"నా రాతలో తప్పుండదు. విడుదలైంది గురవయ్యే. పోవయ్యా!"

గవరయ్య దండం పెట్టి, బల్లెం తెచ్చుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మధ్యాహ్నం రాయసం భోజనానికి బయల్దేరాడు.

"రాజుగారి చీటీ లేనిదే ఎవరినీ వదలొద్దని ఆజ్ఞ బాబూ. తమరని ఇన్నాళ్లూ అడగలేదు."

"రాజుగారు వేటకెళ్లారు, రేపొస్తారు! అయినా నీ కొలువు తీరిపోయిందిగా?"

"తీరింది గురవయ్యకండీ. నన్నెవరు విడుదల చేశారు?"

రాయసం కడుపు కరకరలాడింది. కొత్త తాటాకు తీసి, గంటంతో గవరయ్య అని రాసిచ్చాడు.

"ఇక జరుగు!"

గవరయ్య ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. బావుందనిపించి, మళ్లీ మొదట్నుంచి చదివాడు. అప్పుడు జరిగాడు.