మద్దిలయ్య పెద్ద అడుగులు

అనగనగా ఒక కొండ అడవిలో, తేనెపట్టు కనిపిస్తే ఎంత పెద్ద చెట్టయినా ఎక్కేసే ఎలుగుబంటి ఒకడు ఉండేవాడు. అతని పేరు మద్దిలయ్య. భార్య పేరు ఇప్పమ్మ. ఇద్దరూ ఒక గుహలో కాపురం ఉండేవారు.

ఒక ఏడాది మద్దిలయ్య కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చున్నా వణికేది. తర్వాత ఒళ్ళు బిగుసుకుపోయింది. అడుగులు చిన్నవైపోయాయి. గుహ గుమ్మం దగ్గరికి వస్తే చాలు, కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. ఒకరోజు ఇప్పమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. పాపం, బోర్లా పడ్డాడు.

వైద్యం తెలిసిన ఉడుము వచ్చి పసరు మందు ఇచ్చింది.

"ఇది వణుకుడు జబ్బు. పూర్తిగా పోదు. మందు మానొద్దు. నడక సంగతి మాత్రం కొంగను అడగండి" అంది.

అది ఎండాకాలం. గుహ పక్కన సెలయేరు రోజురోజుకీ ఎండిపోతోంది. దుప్పులు కొండసందు దాటి పెద్ద ఏటికి వెళ్ళిపోయాయి. కుందేళ్ళూ వెళ్ళిపోయాయి. మద్దిలయ్య మనసు ఒకచోట నిలవలేదు. పడుకుంటే లేవాలనిపించేది. లేస్తే పడతానేమోనని భయం.

"నువ్వు వెళ్ళిపో ఇప్పీ" అన్నాడు.

"ఆ మాట ఇంకోసారి అనకు" అంది ఇప్పమ్మ.

ఇప్పమ్మ పిలిస్తే కొంగ వచ్చింది. నేల మీద అడుగుకొకటి చొప్పున పుల్లలు పరిచింది.

"అన్నా, ఒక్కో పుల్లా దాటు. అడుగు పెద్దదిగా వెయ్యి. పైకి లెక్కపెట్టు" అంది.

తర్వాత రాతి మీద కూర్చోబెట్టి, ముందుకు వంగి లేవమంది. పదిసార్లు. వెనక్కి తిరగాలంటే ఉన్నచోటే గిర్రున తిరగొద్దంది. పెద్ద చుట్టు తిరిగి రమ్మంది.

మద్దిలయ్య మూడు రోజులు చేశాడు. నాలుగో రోజు పుల్లల్ని చెల్లాచెదురు చేసేశాడు.

"ఎన్నాళ్ళిలా? వణుకు ఇంకా అలాగే ఉంది!" అని అరిచాడు.

"వణుకు పోతుందని నేనన్నానా? నీ నడక కోసం కదా ఇదంతా!" అంది కొంగ.

"నాకేం చెప్పకు!" అని లోపలికెళ్ళి పడుకున్నాడు.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పక్కకి ఒత్తిగిలబోతే ఒళ్ళు కదలలేదు. ఇప్పమ్మ ఆకుదొప్పలో నీళ్ళు తెచ్చి నోట్లో పోసింది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి.

"నువ్వు తాగావా?" అని అడిగాడు. ఆమె దొప్పలో మిగిలిన చుక్కలు కూడా అతని నోట్లోనే పోసింది.

మద్దిలయ్యకు కళ్ళు చెమర్చాయి. "కొంగను పిలువు" అన్నాడు.

కొంగ వెంటనే వచ్చింది.

"నా మీద కోపంగా ఉందా?" అని అడిగాడు మద్దిలయ్య.

"కోపానికి తీరిక లేదన్నా. సెలయేట్లో నీళ్ళు ఇరవై రోజులు వస్తే గొప్ప. ముందు లేచి కూర్చో."

మొదటిరోజు లేవడానికే పొద్దంతా పట్టింది. రెండోరోజు నాలుగు పుల్లలు దాటాడు. మూడోరోజు ఒక్కటీ దాటలేకపోయాడు. అయినా మానలేదు. విసుక్కుంటూ చేశాడు, తిట్టుకుంటూ చేశాడు, ఒక్కోసారి ఏడుస్తూ చేశాడు. ఇరవయ్యో రోజుకి సెలయేట్లో ఇసుక తేలింది. ముగ్గురూ బయలుదేరారు.

కొండసందు చాలా ఇరుకు. సరిగ్గా దాని ముందు మద్దిలయ్య కాళ్ళు ఆగిపోయాయి. వెనక అడవిపందుల గుంపు వచ్చింది.

"జరుగు! జరుగు!" అని అరిచాయి. అవి అరిచేకొద్దీ కాళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

ఇప్పమ్మ అతన్ని లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "కాస్త ఆగండి! ఆయనే వస్తాడు" అని పందుల్ని ఆపింది.

మద్దిలయ్య కదలాలని ఆరాటపడటం మానేశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఒక కాలి మీద బరువు వేశాడు. తర్వాత రెండో కాలి మీద వేశాడు. లేని పుల్లను కళ్ళ ముందు ఊహించుకున్నాడు.

"ఒకటీ!" అంటూ పెద్ద అడుగు వేశాడు. "రెండూ! మూడూ!"

సందు దాటేశాడు.

ఏరు నిండుగా పారుతోంది. మద్దిలయ్య దోసిలి పట్టాడు. చెయ్యి వణికి నీళ్ళన్నీ ఒలికిపోయాయి. నవ్వేసి, ఏట్లోనే మూతి పెట్టి తాగాడు. ఆ వేసవిలో మొదటిసారి ఇప్పమ్మ, పడతాడేమోనని అతని వంక తిరిగి చూడకుండా, కడుపునిండా నీళ్ళు తాగింది.

నీతి: పూర్తిగా నయంకాని జబ్బు వచ్చినా, ఓపికగా రోజూ చేసే సాధన మన పనులు మనం చేసుకునే బలాన్ని నిలబెడుతుంది.